లైన్ ప్రింటరు అత్త

మా మేనత్తకి ఎడమ చెవి వినపడదు. ఇన్నేళ్ళూ లైన్ ప్రింటరు ఆ పక్కనే ఉండేది. ఆవిడతో ఏదైనా చెప్పాలంటే కుడివైపు నుంచి వెళ్ళాలి. సంగతి తెలియక ఎడమవైపు నుంచి పిలిచినవాళ్ళు "ఆవిడకి పొగరండీ, పిలిస్తే పలకదు" అని ఆఫీసంతా చెప్పుకున్నారు. పొగరే ఉంటే బాగుండేది. పొగరున్నవాళ్ళకి ఇలా జరగదు.

ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా చేరింది. తాత్కాలికం అంటే పని ఎప్పటికీ ఉంటుంది, మనిషే ఎప్పుడు పోతుందో తెలియదు. ఏ వీధికి ఏ వేళకి నీళ్ళు వదలాలో, ఏ వాల్వు ఎంత తిప్పాలో చెప్పే పట్టీ ఆ ఆఫీసులో రోజూ తెల్లవారగానే తయారుకావాలి. పైపులు పగులుతుంటాయి, మోటార్లు కాలుతుంటాయి, కనక నిన్నటి పట్టీ ఇవాళ పనికిరాదు. వాల్వులు తిప్పేవాళ్ళు సైకిళ్ళు గోడకి ఆనించి, ఆ కాగితం కోసం వరండాలో కాచుకుని ఉంటారు. అత్త మధ్యమధ్య కార్బన్లు పెట్టి, వేళ్ళు విరిగేలా టైపు కొట్టి ఇచ్చేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. టైపిస్టులందరినీ పంపించేస్తారని గుసగుసలు మొదలయ్యాయి. కంప్యూటర్లో పట్టీ తయారుచేయడానికి ఒక సాదా ఎడిటర్, అంటే రాసుకునే ప్రోగ్రాము, పెట్టారు. దానికి అక్షరాలు తప్ప సోకులు తెలియవు. అచ్చు వేయడానికేమో ఎక్కడిదో పాత లైన్ ప్రింటరు తెచ్చి, మేడ కింద చిన్న గదిలో దింపారు. బీరువాని పడుకోబెట్టినంత యంత్రం. మామూలు ప్రింటరు కాగితం మీద సిరా పూస్తుంది. ఇది కాగితాన్ని కొడుతుంది. అక్షరం అక్షరం కాదు, వరస మొత్తం ఒకేసారి. అలా కొడితేనే కింద కార్బన్ కాపీలన్నిటిమీదా అచ్చు పడుతుంది, వాల్వు తిప్పే ప్రతి మనిషికీ ఒక ప్రతి అందుతుంది. అందుకే ఎంత పాతదైనా అదే కావాలన్నారు.

తీరా ఎడిటర్ నుంచి అచ్చుకి పంపితే మొదటి వరస బాగానే పడింది. రెండో వరస మాత్రం, మొదటిది ఎక్కడ ఆగిందో అక్కడ మొదలైంది. మూడోది ఇంకా కుడికి జరిగింది. అలా మెట్లు మెట్లుగా దిగి, కాగితం అంచు చేరాక, మిగతా వరసలన్నీ అక్కడే ఒకదానిమీద ఒకటి కొట్టుకుని నల్లటి మచ్చ అయ్యాయి. అదొక్కటేనా, ప్రతి పేజీ నెత్తినా ఎడిటర్ తన ఫైలు పేరూ తేదీ వేసుకునేది. దాంతో పట్టీ కిందికి జరిగి, చివరి వీధులు కాగితం మడత మీద పడి చిరిగిపోయేవి. ఆ వీధులవాళ్ళు ఆ రోజు బిందెలు బోర్లించుకోవలసిందే.

కంప్యూటర్లు పెట్టిన కంపెనీ మనిషి వచ్చి చూశాడు. "మేం పెట్టింది ఎడిటర్. ప్రింటరు మీది. మధ్యలో ఉన్నది మా పని కాదు" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. అలా ఎవరి పనీ కాకుండా పోయినదాన్ని మా అత్త తన నెత్తినేసుకుంది. ఎలాగూ పంపించేస్తారు, పోయేదేముంది అనుకుంది.

నెల పైనే పట్టింది. ఎడిటర్ తనంతట తాను అచ్చు వేయదనీ, ఆ పని ఇంకో ప్రోగ్రాముకి అప్పగిస్తుందనీ, ఆ అప్పగించేటప్పుడు ఏం చెప్పాలో మనం మార్చవచ్చనీ ముందు తెలుసుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే. వరస అయ్యాక మళ్ళీ ఎడమ అంచుకి రావాలని చెప్పింది. పేజీకి ఎన్ని వరసలు పడతాయో చెప్పింది. నెత్తిన పేరు వేయొద్దని చెప్పింది. పేజీ నిండాక మడత దాటి దూకమని చెప్పింది. ఒకటి కుదిరితే ఇంకొకటి చెడేది. రోజూ ఒడినిండా పాడైన కాగితాలు తెచ్చి, మా ఇంటి వరండాలో పరుచుకుని కూర్చునేది. అప్పటికి ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. రిబ్బను సిరాతో వేళ్ళు నల్లగా ఉంటే మా అమ్మ కసురుకునేది: "వదినా, ఆ చేతులతో గోడలు పట్టుకోకు."

చివరికి కుదిరింది. మెట్లు పోయి, వీధులన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. సూపరింటెండెంటు వచ్చి చూసి, "మంచిదమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అత్త ఉత్సాహంగా చెప్పింది: "అన్నయ్యా, ఇప్పుడు రోజూ పొద్దున్నే అవన్నీ నేను కొడుతున్నాను. ఎడిటర్ మొదలవగానే అది చదువుకునే ఫైలు ఒకటుంది. అవన్నీ అందులో రాసేస్తే ఇంక ఎవరూ ఏమీ కొట్టక్కర్లేదు. ఎవరైనా ఒక బటన్ నొక్కితే చాలు, వచ్చేస్తుంది."

మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"రాశావా?"

"రేపు రాద్దామని."

"కూర్చున్న కొమ్మ నరుక్కుంటావుటే? ఎవరైనా నొక్కగలిగితే నువ్వెందుకు వాళ్ళకి? సాయంత్రానికల్లా ఇంటికి పంపిస్తారు. రోజూ నువ్వే కొట్టు. ఎవరూ చూడకుండా కొట్టు. ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా నోరు మెదపకు."

మా నాన్న మాట మా ఇంట్లో వేదం. ఒక్కోసారి వేదం కూడా ఇంత గట్టిగా ఉండదు. అత్త తలూపింది.

మర్నాటి నుంచి అదే ఆవిడ నిత్యకృత్యం. తెల్లవారకముందే వెళ్ళడం, గది తలుపు దగ్గరగా వేయడం, తెర గోడవైపు తిప్పుకోవడం, ఆ వరసలన్నీ జ్ఞాపకం మీద కొట్టడం. ఎడిటర్ మూస్తే అన్నీ పోతాయి కనక, పని అయిపోయాక మూసేసి మరీ లేచేది. ఎవరైనా "ఏం కొడతావమ్మా రోజూ?" అంటే "అదో పెద్ద గోలలెండి" అనేది. ఆవిడ రాని రోజు మళ్ళీ మెట్లు, మళ్ళీ నల్ల మచ్చ, వరండాలో వాల్వుల వాళ్ళ అరుపులు. దాంతో అందరికీ బోధపడింది. ఏడాది తిరక్కుండా పర్మనెంటు చేశారు. అచ్చుపని కోసమే ప్రత్యేకంగా ఒక పోస్టు పుట్టించి మరీ ఇచ్చారు. మా నాన్న మీసం మెలేశాడు. "చూశారా నా తెలివి" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఆ పోస్టు చూసే పెళ్ళి సంబంధం వచ్చింది. మామయ్యది పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో లేతు పని. ఊరు బస్సులో సగం రోజు ప్రయాణం. పెళ్ళయిన కొన్నాళ్ళకే అత్త బదిలీ వేయించుకుని వెళ్ళాలనుకున్నారు. ఆ ఊళ్ళో కూడా నీటి సరఫరా బ్రాంచి ఉంది కదా, ఎంతలో పని అనుకున్నారు. అందాకా అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది.

సూపరింటెండెంటు చెడ్డవాడని నేననను. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుందుము. ఆయన నవ్వుతూ కుర్చీ చూపించి, "నువ్వెళ్ళిపోతే ఊరికి నీళ్ళెవరిస్తారమ్మా? నా పీక మీదికొస్తుంది" అనేవాడు. అత్త ఇంటికొచ్చి ఆ మాట మాకు చెప్పేది. చెప్పేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, గొంతులో మాత్రం చిన్న గర్వం వినపడేది. నేను చూస్తూనే ఉన్నాను. అంతకుముందు ఆవిడ లేకపోతే ఏదీ ఆగిన పాపాన పోలేదు.

పిల్ల పుట్టింది. తెల్లవారుజామున డ్యూటీ, ఆ గదిలో చెవులు చిల్లులుపడే మోత. పసిదాన్ని తీసుకెళ్ళడానికి లేదు. మా అమ్మకి అప్పటికే మేం నలుగురం. మామయ్య వాళ్ళక్క అక్కడే తమ్ముడితోపాటు ఉంటోంది, ఆవిడకి పిల్లల్లేరు. "బదిలీ అయ్యేదాకా నా దగ్గర ఉంచు, నీ పిల్లనేం కొరుక్కుతిననులే" అని నవ్వుతూ తీసుకెళ్ళింది. మంచి మనిషే. పిల్లని పువ్వుల్లో పెట్టి పెంచింది. అందుకే ఎవరినీ తిట్టడానికి లేకుండా పోయింది.

ఒకసారి పిల్లకి ఒళ్ళంతా అమ్మవారు పోసిందని కబురొస్తే అత్త సెలవు పెట్టి పరుగెత్తింది. మూడోనాటికి ఆఫీసు నుంచి పక్కింటివాళ్ళ ఫోనుకి పిలుపు. ఊళ్ళో సగానికి నీళ్ళు లేవు, వెంటనే రమ్మని. పిల్ల కొంగు పట్టుకుని వదల్లేదట. అప్పుడు అత్త దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిందట: "అమ్మ లేకపోతే ఆ ఊళ్ళో ఎవరికీ నీళ్ళు రావమ్మా. నీలాంటి పిల్లలందరూ దాహంతో ఏడుస్తారు. వెళ్ళనా మరి?" పిల్ల ఆలోచించి, కొంగు వదిలేసిందట. ఈ సంగతి అత్తే మాకు చెప్పింది. "ఎంత తెలివైందో చూడు" అని మురిసిపోతూ చెప్పింది.

అప్పటినుంచి పిల్ల ఏడవడం మానేసింది. బడిలో "మా అమ్మ ఒక ఊరికంతటికీ నీళ్ళిస్తుంది" అని చెప్పుకునేదట. అత్త పండక్కో పబ్బానికో వెళ్తే, ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుని, "ఎన్ని రోజుల సెలవమ్మా?" అని మర్యాదగా అడిగేది.

ఈ మధ్యలో అత్త ఒకటి రెండుసార్లు మా నాన్నతో మెల్లిగా అంది: "పర్మనెంటయిందిగా అన్నయ్యా, ఆ ఫైల్లో పెట్టేస్తాను. అప్పుడైనా వదుల్తారు." మా నాన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఈ ఏడు మనుషుల్ని తగ్గిస్తారట, ఈ ఒక్క ఏడూ గడవనీ. మరుసటి ఏడు కొత్త పెద్దాఫీసరు వస్తాడట, వాడి సంగతి తెలియనీ. ఏళ్ళకేం, అవి గడుస్తూనే ఉంటాయి. అత్త ఎడమ చెవి మొద్దుబారింది. అయినా రోజూ తెర గోడవైపు తిప్పుకుని కొడుతూనే ఉంది.

పిల్ల హైస్కూలు చివరికొచ్చిన ఏడాది, ఆ ఊరి బ్రాంచిలో ఒక సీటు ఖాళీ అయింది. అక్కడికీ ఒక లైన్ ప్రింటరు చేరిందట. ఈసారి సూపరింటెండెంటే అత్తని పిలిపించాడు.

"నీకోసం నేనే రాసి పంపుతానమ్మా. పాపం ఎన్నాళ్ళని దూరంగా ఉంటావు? ఒక్కటే షరతు. నీ పని ఇంకొకళ్ళకి నేర్పి వెళ్ళు."

ఆ సాయంత్రం అత్త ఇంటికి వచ్చిన తీరు నాకింకా గుర్తుంది. చెప్పులు వాకిట్లో ఒకటి అటు, ఒకటి ఇటు వదిలేసి, నా రెండు చేతులూ పట్టుకుని, "పిల్లకి జడ నేనే వేస్తానే ఇంక" అంది. పిల్ల జడలు వేయించుకునే వయసు దాటిపోయిందని నేను అనలేకపోయాను.

నేర్చుకోవడానికి పంపిన గుమాస్తాని ఆఫీసులో అందరూ ఊఁకొట్టు అనేవారు. ఏం చెప్పినా ఊఁ అనడం తప్ప రెండో మాట లేదు.

"ఇక్కడ పేజీకి ఎన్ని వరసలో చెప్పాలి. అర్థమైందా?"

"ఊఁ."

"నెత్తిన పేరు రాకుండా ఇది కొట్టాలి."

"ఊఁ."

"ఏదీ, ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు బాబూ."

"ఊఁ, మీరే చెప్పారుగా."

వాడు కొట్టిన రోజల్లా మెట్లే. ఒకరోజు పేజీ ఎక్కడ ఆగాలో చెప్పడం మరిచిపోతే, ప్రింటరు ఖాళీ కాగితాలు ఆపకుండా కక్కి గదంతా నింపేసింది. వాడు మోకాళ్ళదాకా కాగితాల్లో నిలబడి కూడా "ఊఁ" అన్నాడట. అత్త నవ్వుతూ చెబితే అందరం నవ్వాం. కానీ బదిలీ కాగితాల గడువు దగ్గరపడుతోంది. వీడు నేర్చుకోడు, వీడికి రాకపోతే తనని వదలరు.

ఆఖరికి అత్త ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, ఆ ఫైలు తెరిచి, ఇన్నేళ్ళుగా వేళ్ళల్లో దాచుకున్నదంతా వరసగా అందులో రాసేసింది. అంతటినీ ఒక బటన్‌కి తగిలించింది. ఇంటికొచ్చి చెప్పులు సరిగ్గా విడిచి, మా నాన్న ఎదుట నిలబడింది.

"పెట్టేశానన్నయ్యా."

"మతిపోయిందా నీకు?"

"పిల్ల దగ్గరికి పోతున్నాను. ఇంక నాకెందుకు దాపరికం?"

మర్నాడు ఊఁకొట్టు బటన్ నొక్కాడు. లైన్ ప్రింటరు ధడధడమని మొదలై, పట్టీ మొత్తం చక్కగా వేసి, మడత దగ్గర ఆగింది. సూపరింటెండెంటు దిగి వచ్చి తను కూడా నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఆఫీసులో ప్యూన్ సహా అందరిచేతా తలా ఒకసారి నొక్కించాడు. "భేషమ్మా, భేష్!" అన్నాడు. అన్నేళ్ళలో ఆవిడని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఆ ఒక్కరోజే.

రెండు వారాలు తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఆ ఊరి సీటు ఊఁకొట్టుకి ఇచ్చారు. ఎడిటర్ నుంచి లైన్ ప్రింటరుకి అచ్చు తీయడంలో అనుభవం ఉన్నవాడని రాశారు. అత్త పైకి వెళ్ళి అడిగింది. సూపరింటెండెంటు ఎప్పటిలాగే కుర్చీ చూపించాడు.

"నేనేం చెయ్యనమ్మా? అక్కడ వాళ్ళకి గుమాస్తా కావాలి. నీ పోస్టేమో అచ్చుపని కోసమే పుట్టింది. ఇప్పుడా పనికి మనిషే అక్కర్లేదాయె. లేని పోస్టుని ఎక్కడికని బదిలీ చెయ్యను? నిన్ను ఊరికే వదిలెయ్యంలే. అవతల కొత్త పంపుహౌసు కట్టారు, దాని గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళని చూసుకునే పనుంది."

ఆ పంపుహౌసు మామయ్య ఊరికి పూర్తిగా వ్యతిరేక దిక్కున, ఇంకో సగం రోజు దూరంలో ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అని వినడమే గాని, అది తగలేసేవాడు ఇంత మర్యాదగా మాట్లాడతాడని నాకు తెలియదు.

నేను వెళ్ళి ఆయన్ని నలుగురిలో కడిగేస్తానన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎవరిని కడుగుతావే? ఆ బటన్ పెట్టింది నేనే." మా నాన్న మంచం మీద నుంచి లేవకుండానే "నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నాడు. ఆరోజు నేను నాన్నకి అన్నం పెట్టలేదు. మా అమ్మ పెట్టింది.

అత్త గేటు పనికి వెళ్ళలేదు. రాజీనామా ఇచ్చేసింది. మామయ్యకి ఫోను చేస్తే, "సరే, రా మరి" అన్నాడు. అందులో కోపం లేదు. సంతోషం కూడా లేదు. ఇన్నేళ్ళ అలవాటు మారబోతోందన్న ఇబ్బంది ఒకటి పక్కనే ఉన్న నాకు కూడా వినపడింది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అనుకుంటూ నేను సామాన్లు మోయడానికి తోడు బయల్దేరాను. బస్సులో అత్త కిటికీ పక్కన, వినపడే చెవి నావైపు పెట్టుకుని కూర్చుంది. దారిపొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. పిల్ల పరీక్షలు, పిల్ల కళ్ళజోడు, పిల్లకి రంగు ఏది నచ్చుతుందో అడగాలని.

మేం వెళ్ళేసరికి సాయంత్రం. మామయ్య ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాలేదు. ఆయన అక్క తలుపు తీసి, "రావే, లోపలికి రా. కాళ్ళు కడుక్కో" అంది. పిల్ల బల్ల దగ్గర చదువుకుంటోంది. లేచి వచ్చి సంచి అందుకుంది. అత్త అంత పొడుగుంది. ఎడమవైపు నిలబడి ఏదో అంది. అత్తకి వినపడలేదు. నేను భుజం పట్టుకుని పిల్లని కుడివైపుకి జరిపాను.

"ఎన్ని రోజుల సెలవమ్మా?"

"సెలవు కాదమ్మా. వచ్చేశాను. ఇంక వెళ్ళను."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. సంతోషమేమో అని అత్త చెయ్యి చాపింది.

"మరి అక్కడ నీళ్ళెలా? నువ్వు లేకపోతే రావుగా?"

"వస్తాయిలే. ఇప్పుడు నేనక్కర్లేదు. ఎవరైనా ఇస్తారు."

"ఎవరైనానా? అదంతా నీకొక్కదానికే వచ్చన్నావుగా?"

"ఒక బటన్ పెట్టి వచ్చాను. అది నొక్కితే చాలు, అచ్చు దానంతటదే పడుతుంది."

"అంత పెద్ద పని ఒక్క బటన్‌కా! పెట్టడానికి చాలా ఏళ్ళు పట్టిందా?"

అత్త అబద్ధం చెప్పవచ్చు. చెబుతుందనే అనుకున్నాను. చెప్పాలని నేను కూడా కోరుకున్నాను.

"లేదమ్మా. ఒక మధ్యాహ్నం" అంది.

పిల్ల కోపంగా అడగలేదు. లెక్కలో ఒక మెట్టు అర్థం కాకపోతే టీచర్ని అడిగినట్టు అడిగింది.

"అయితే ముందే పెట్టేసి రావచ్చుగా?"

అత్త చాపిన చెయ్యి అలాగే ఉంది. నేను మా నాన్న పేరు ఎత్తుదామనుకున్నాను, కానీ ఆ పిల్లకి దానివల్ల ఒరిగేదేముంది? మామయ్య అక్క వంటింట్లోంచి తొంగిచూసి, "ఊరుకోవే, ప్రయాణం చేసి అలిసిపోయి వచ్చింది" అని కేకేసింది. పిల్ల "సరే పెద్దత్తా" అని వెళ్ళి, బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచింది.

మా అత్త ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. పిల్ల కూడా మళ్ళీ అడగలేదు.